వాలక్షరానికి పెట్టిన పేరు

నాంచారయ్యకి ఆ మధ్యాహ్నం అన్నం సహించలేదు. క్యారేజీ మూత తీశాడు, మళ్లీ పెట్టేశాడు. చేతులు కడుక్కునే వంకతో పెరట్లోకి వెళ్లి బోరింగు పక్కన చాలాసేపు ఊరికే నిలబడ్డాడు.

పొద్దున్న ఖాజా మాస్టారు తెల్ల అట్టల కట్ట తెచ్చి దీవెన ముందు పెట్టారు. "అమ్మాయ్, ఈ పని నువ్వు చెయ్యి" అన్నారు. అంతకుమించి ఒక్క మాట లేదు. నాంచారయ్య ఆ పక్కనే కూర్చుని బట్టల కొట్టు బోర్డుకి రంగు పూస్తున్నాడు. మాస్టారు అతని వైపు చూడనైనా చూడలేదు.

ఆ అట్టల కోసమే అతను నెల పైనుంచీ ఎదురుచూస్తున్నాడు.

బందరులో కోనేరు సెంటరు వెనక సందులో ఉండేది మాస్టారి షెడ్డు. బోర్డులు, బ్యానర్లు, గోడరాతలు అక్కడ తయారయ్యేవి. మాస్టారి తండ్రి ఉర్దూ రాతగాడు. వెదురు కలం చెక్కుకుని, దాన్ని ఏటవాలుగా పట్టి, ఆ చేతిరాతతోనే జీవితం గడిపిన మనిషి. కొడుకు ఆ పట్టుని తెలుగులోకి తెచ్చుకున్నాడు. లావుగా, కుడివైపుకి వాలి, ఎక్కడికో బయల్దేరినట్టుండే అక్షరం ఒకటి ఆయన చేతిలో పుట్టింది. ఆ చుట్టుపక్కల నాటకాల పోస్టరైనా, కబడ్డీ పోటీలైనా, ఎడ్ల పందాలైనా, బస్సు పక్కన రాసే కంపెనీ పేరైనా ఆ అక్షరమే కావాలనేవాళ్లు. షెడ్డులో దాన్ని 'వాలు' అని పిలిచేవాళ్లు.

వాలుని ఎక్కడ పడితే అక్కడ రాయనిచ్చేవారు కాదు మాస్టారు. పెళ్లిపత్రిక లోపలి మాటలకి వద్దనేవారు. ఒకసారి ఎవరో సంతాపసభ బ్యానరు వాలులోనే కావాలని పట్టుబడితే, మారు మాట్లాడకుండా నిటారు అక్షరాలతో రాసి పంపించారు. ఇది పిలిచే అక్షరం, కూర్చుని మాట్లాడే అక్షరం కాదు అనేవారు.

అప్పుడప్పుడే ఊళ్లోకి కంప్యూటర్లు వస్తున్నాయి. హైదరాబాదులో కంప్యూటర్ల కోసం తెలుగు అక్షరాలు తయారుచేసే కంపెనీ నుంచి ముకుందరావు అనే ఆయన వచ్చి, వాలుని ఫాంటుగా చేస్తామన్నాడు. ఒక్కో అక్షరాన్నీ అట్ట మీద పెద్దగా గీసి నలుపు నింపి ఇస్తే, వాళ్లు దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించుకుంటారు. ఆ తరవాత ఏ పత్రికలో హెడ్డింగు పెట్టినా, ఏ ఊళ్లో పోస్టరు వేసినా, మీట నొక్కితే వాలు పడుతుంది.

మాస్టారి చెయ్యి అప్పటికే వణుకుతోంది. టీ గ్లాసు నోటిదాకా వెళ్లేలోపు సగం ఒలికేది. గీయాల్సింది శిష్యులే. ఇంక చెప్పేదేముంది, పని నాంచారయ్యదే అనుకుంది షెడ్డంతా. మీసం రాకముందు నుంచీ మాస్టారి దగ్గర ఉన్నవాడు. వాలు రాయడంలో మాస్టారి తరవాత అతనే. కొట్టు పేరేమిటో గుర్తులేనివాళ్లు కూడా అది నాంచారయ్య రాసిన బోర్డని చెప్పేవాళ్లు. 'న' తలకట్టు కొడవలిలా విసిరేవాడు. 'శ్రీ' రాస్తే దాని తోక కింద మరో మాట పట్టేది.

దీవెన వచ్చి రెండేళ్లు కాలేదు. గిలకలదిండి రేవులో పడవలకి రంగులేసే ఏసోబు కూతురు. తండ్రితోపాటు పడవల మీద పేర్లు రాసీ రాసీ అక్షరం పట్టుబడింది. ఇరవై దాటిన పిల్ల. తక్కువ మాట్లాడేది. నాంచారయ్యని అన్నా అని పిలిచేది.

అట్టలు వచ్చిన రోజు సాయంత్రం ఇంటికెళ్లాక నాంచారయ్య ముఖం చూసి, భార్య వైదేహి విషయం రాబట్టింది. మాస్టారినే అడగొచ్చు కదా అంది. అడగడానికి అతనికి మనసొప్పలేదు. నేనెందుకు పనికిరాలేదని అడిగితే, ఆయన నిజంగానే చెబుతారేమోనని భయం.

మర్నాటి నుంచి అతని కళ్లు అతని మాట వినలేదు. బోర్డు మీద బ్రష్షు నడుస్తుంటే చూపు దీవెన బల్ల మీదికి పోయేది. ఆ పిల్ల పెన్సిలు ఎలా చెక్కుకుంటోందో చూసేవాడు. మాస్టారు ఆమె వెనక ఎంతసేపు నిలబడ్డారో, తన వెనక ఎంతసేపు నిలబడ్డారో మనసులో బేరీజు వేసుకునేవాడు. ఒకరోజు మాస్టారు తన పాత టేకు స్కేలు తీసి ఆమె బల్ల మీద పెట్టడం కనబడింది. ఆ స్కేలుని నాంచారయ్య ఎన్నోసార్లు తుడిచి బీరువాలో పెట్టాడు గాని, తనకి ఇవ్వమని ఏనాడూ అడగలేదు. 

ఆమె అక్షరాల్లో తప్పు వెతకడం మొదలుపెట్టాడు. దొరికింది కూడా.

అక్షరాలు వాలినంతగా వాటి కింది ఒత్తులు వాలలేదు. పైన 'క' పరుగెత్తుతుంటే కింద 'త' ఒత్తు కాస్త నిటారుగా, కుడిపక్కకి జరిగి నిలబడింది. 'శక్తి', 'వ్యక్తి', ఏది చూసినా అంతే. నాంచారయ్యకి ప్రాణం లేచివచ్చింది. ఆ మాట దీవెనతో అనకుండా నేరుగా మాస్టారి దగ్గరికి వెళ్లాడు. వాలు వాలులా లేదనీ, ఒత్తులు ఒక దారి, అక్షరాలు ఒక దారి పట్టాయనీ, కంపెనీవాళ్లు చూస్తే మాస్టారి పేరే పోతుందనీ చెప్పాడు.

మాస్టారు విన్నారు. "అవును, ఒత్తులు తక్కువ వాలాయి" అని మళ్లీ తన పనిలో పడ్డారు.

ఆ సాయంత్రం నాంచారయ్య ఇంట్లో కాగితం మీద అదే అక్షరం తనే రాసి చూశాడు. ఒత్తుని కూడా అక్షరంతో సమానంగా వాల్చాడు. వాల్చేసరికి పైనున్న గుడి కుడికి పోయింది, కిందున్న ఒత్తు ఎడమకి జారిపోయింది. రెండూ ఒక అక్షరానివే అయినా ఒకదానికొకటి దూరమయ్యాయి. పక్కన ఇంకో అక్షరం రాస్తే, ఒత్తు దేనిదో తెలియకుండా పోయింది. మళ్లీ రాశాడు. ఎన్ని విధాల రాసినా, చివరికి దీవెన గీసినట్టు గీస్తేనే కుదిరింది.

తనెప్పుడూ ఆ ఇబ్బంది గమనించలేదు. గోడ మీద రాసేటప్పుడు చేతికి తోచినట్టు సర్దుకుపోయేవాడు. ఆ పిల్ల ఆలోచించి గీసింది.

కాగితం నలిపి పొయ్యిలో పడేశాడు. ఆమెది తప్పని నమ్మినన్నాళ్లూ అతని కడుపులో మంట ఒక మోస్తరుగా ఉండేది. ఒప్పని తెలిశాక అది రెట్టింపయింది.

కొన్నాళ్లకి దీవెనే అతని దగ్గరికి వచ్చింది. చేతిలో 'ఘ' అట్ట ఉంది. మాస్టారు ఆ రోజు కళ్లు చూపించుకోవడానికి విజయవాడ వెళ్లారు.

"అన్నా, ఇది లావు చేసేకొద్దీ లోపల మూసుకుపోతోంది. ఏం చెయ్యాలంటావు?"

ఏం చెయ్యాలో నాంచారయ్యకి తెలుసు. లావు అక్షరంలో బయటి గీతల లావు ఉంచి, లోపలి గీతల్ని సన్నం చెయ్యాలి. అన్నీ ఒకే లావని చూసేవాడు అనుకోవాలి, నిజానికి ఉండకూడదు. ముఖ్యంగా పత్రిక కాగితం మీద సిరా పాకుతుంది కాబట్టి, లోపలి ఖాళీకి ఇంకాస్త చోటు వదలాలి. ఇది అతనికి మాస్టారు చెప్పింది. చెయ్యి పట్టుకుని నేర్పించింది.

అతను అట్టని వెలుగులోకి పట్టి చూశాడు. "లోపలైనా బయటైనా గీత ఒకే లావు ఉండాలి. సన్నం చేస్తే అక్షరం డొల్లగా కనబడుతుంది. మాస్టారి పద్ధతి అదే" అన్నాడు.

దీవెన తలూపి వెళ్లి తన బల్ల దగ్గర కూర్చుంది.

ఆ పూట నాంచారయ్య అన్నం బాగా తిన్నాడు. షెడ్డులో వాళ్లతో నాలుగు మాటలు సరదాగా మాట్లాడాడు. ఇంటికెళ్లేటప్పుడు వైదేహికి మల్లెపూలు కూడా కొన్నాడు. కానీ మర్నాడు షెడ్డులో అడుగు పెట్టేసరికి, దీవెన బల్ల మీద వంగి, 'ఘ' లోపలి గీతలకి ఓపిగ్గా నలుపు నింపుతూ కనబడింది. చెప్పేద్దామనుకున్నాడు. టీ తాగాక చెబుదామనుకున్నాడు. టీ అయ్యేసరికి ఆమె 'ఘ' ముగించి దాని గుణింతంలోకి వెళ్లింది. ఆ మర్నాడు 'ఝ'. ఆ తరవాత 'ఱ'. రోజు గడిచేకొద్దీ చెప్పడానికి మాట బరువెక్కింది. మాస్టారి మసకచూపుకి అది ఆనలేదు. అతను చెప్పకుండానే అట్టలన్నీ హైదరాబాదు వెళ్లిపోయాయి.

ముకుందరావు ప్రూఫులు పట్టుకుని మళ్లీ వచ్చాడు. మంచి మనిషి, గొంతు పెంచే రకం కాదు. బల్ల మీద పత్రిక కాగితం పరిచాడు. దాని మీద హెడ్డింగులు అచ్చేసి ఉన్నాయి. ఘనవిజయం. ఘోర ప్రమాదం. రైతుసంఘం ధర్నా. చాలా అక్షరాలు చూడముచ్చటగా పడ్డాయి. 'ఘ' ఉన్నచోటల్లా మాత్రం సిరా ముద్ద. బొద్దింకని చెప్పుతో కొట్టి వదిలేసినట్టుంది.

పత్రికల హెడ్డింగుల్లో 'ఘ' లేని రోజు ఉండదని ముకుందరావు అన్నాడు. సంఘం, సంఘటన, ఘర్షణ, ఘోరం, రోజూ వచ్చే మాటలివే. ఉగాది దాటేలోపు ఇది బాగుపడకపోతే కంపెనీవాళ్లు వాలు వదిలేసి, వేరేచోట తయారైన నిటారు అక్షరం తీసుకుంటారని, తన చేతిలో ఏమీ లేదని, కాస్త ఇబ్బందిపడుతూనే చెప్పాడు.

మాస్టారు ప్రూఫుని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. నాంచారయ్య గోడవారగా నిలబడి ఉన్నాడు. 

"అమ్మాయ్, లోపలి గీతలు ఎందుకు లావుగా ఉంచావు?"

దీవెన తల ఎత్తలేదు. నాంచారయ్య వైపు చూడలేదు. "నాకు తెలియక, మాస్టారూ" అంది.

మాస్టారు ఇంకేమీ అడగలేదు. ఆమెనీ అడగలేదు, అతన్నీ అడగలేదు. ప్రూఫు మడిచి పక్కన పెట్టి, మళ్లీ గీసి ఇస్తామని ముకుందరావుకి మాటిచ్చారు.

పోతూ పోతూ ముకుందరావు, ఫాంటుకి ఒక పేరు కావాలన్నాడు. 'ఖాజా' అని తామే అనుకుంటున్నామని, ఆ పేరు ఆ అక్షరాల్లోనే ఒక రేకు మీద పెద్దగా రాయించి ఇస్తే, దాన్నే ఫొటో తీసి, ఫాంటు పెట్టి అమ్మే అట్టపెట్టె మీద వేస్తామని చెప్పాడు.

"దీవెన అని పెట్టండి" అన్నారు మాస్టారు.

ఆ పిల్ల బెదిరిపోయి వద్దంది. ఆయన వినిపించుకోలేదు. నాంచారయ్య వైపు తిరిగి, "పేరు నువ్వు రాయి" అన్నారు.

మర్నాడు తెల్లరంగు పూసి ఆరబెట్టిన రేకు ఒకటి స్టాండు మీద సిద్ధంగా ఉంది. నాంచారయ్య నల్ల ఎనామిల్ కలుపుకుని రేకు ముందు నిలబడ్డాడు. మూడే అక్షరాలు. దీ, వె, న. ఒత్తుల్లేవు, చిక్కుల్లేవు. అతని చేతికి అదొక లెక్కలోది కాదు. టీ చల్లారేలోపు రాసేశాడు.

మాస్టారు వచ్చి చూశారు. మేకుకి వేలాడుతున్న గుడ్డ తీసి, టర్పెంటైనులో ముంచి, రేకు మొత్తం తుడిచేశారు. వణికే చేత్తోనే, ఒక మూల నుంచి ఇంకో మూలకి, నింపాదిగా తుడిచారు.

"మళ్లీ రాయి" అని వెళ్లిపోయారు.

నాంచారయ్యకి ఎక్కడ పోయిందో అర్థమైనట్టే అనిపించింది. మొదటిసారి 'దీ' గుడిదీర్ఘాన్ని బాగా సాగదీశాడు. అది వెళ్లి 'వె' నెత్తిమీద గొడుగులా పడింది. 'న' తలకట్టు రేకు అంచుదాకా పోయింది. ఈసారి అవన్నీ తగ్గించి, దీవెన గీసిన అట్టలు పక్కన పెట్టుకుని, ఉన్నదున్నట్టు దించాడు. మాస్టారు వచ్చి చూసి, అదీ తుడిచేశారు.

తరవాత రాసింది కోపంతో రాశాడు. బ్రష్షు రేకుకి అదిమిపట్టి, నలుపు మీద నలుపు వేశాడు. అదీ పోయింది. ఆ తరవాత రాసింది ఎవరో చెప్పినట్టు, తనకేం పట్టనట్టు రాశాడు. అదీ పోయింది. షెడ్డులో మిగతావాళ్లు చూసీ చూడనట్టు తలలు తిప్పుకున్నారు. దీవెన తన బల్ల దగ్గర 'ఘ' మళ్లీ గీస్తూనే ఉంది. ఆమె పక్కన చింపేసిన అట్టలు పేరుకుంటున్నాయి.

సాయంత్రం కాబోతుంటే నాంచారయ్య ఉండబట్టలేకపోయాడు. "తప్పెక్కడుందో చెప్పండి మాస్టారూ. దిద్దుకుంటాను."

మాస్టారు గుడ్డ పిండుతూ రేకు వైపు చూశారు. "తప్పు అక్షరంలో లేదు" అన్నారు.

మర్నాడు అతను షెడ్డుకి వెళ్లలేదు. వెళ్తున్నానని ఇంట్లో చెప్పి సైకిలెక్కి, ఎటు పోతున్నాడో చూసుకోకుండా తొక్కాడు. ఊరు దాటింది. ఉప్పుగాలి ముఖానికి కొట్టింది. గిలకలదిండి రేవు దగ్గర సైకిలు దిగి, ఎండుచేపల వాసనలో, వలలు బాగుచేసుకునే వాళ్లకి కాస్త ఎడంగా కూర్చున్నాడు.

పడవలు ఒక్కొక్కటే తిరిగి వస్తున్నాయి. ఒకామె చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని, కాలవ సముద్రంలో కలిసే మొగ వైపు చూస్తూ నిలబడి ఉంది. కాళ్ల దగ్గర పాప ఉంది. తన మనిషి ఇంకా రాలేదు కాబోలు. ఆమెతోపాటు నాంచారయ్య కూడా చూడసాగాడు. దూరంగా ఇంకో పడవ మలుపు తిరిగింది. ఇంకా మనుషులు ఆనడం లేదు. నీలంరంగు ముక్కు మీద తెల్లటి అక్షరాలు మాత్రం కనబడ్డాయి.

"సముద్రరాణి" అని పైకే చదివాడు నాంచారయ్య.

ఆమె ముఖం విప్పారింది. పాపని చంకలోకి ఎత్తుకుని, పడవ ఆగేచోటికి గబగబా నడిచింది.

పడవ ఒడ్డుకి చేరి, మనుషులు దిగి, చేపల బుట్టలు దించేదాకా అతను అక్కడే కూర్చున్నాడు. అప్పుడు గాని అతనికి ఆ రాత ఎవరిదో తోచలేదు. లేచి పడవ దగ్గరికి వెళ్లాడు. కుడివైపుకి వాలిన అక్షరాలు. 'ద్ర' కింద ఒత్తు కాస్త తక్కువ వాలి, దాని అక్షరం కిందే బుద్ధిగా నిలబడి ఉంది. రంగు అక్కడక్కడ పెచ్చులూడింది. ఇది ఎవరు రాశారని అడగాల్సిన పని లేకపోయింది.

మధ్యాహ్నం షెడ్డుకి వచ్చాడు. మాస్టారు లోపల నమాజు చేసుకుంటున్నారు. మిగతావాళ్లు భోజనాలకి పోయారు. దీవెన ఒక్కతే బల్ల దగ్గర ఉంది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

నాంచారయ్య స్టూలు లాక్కుని ఆమె బల్ల పక్కన కూర్చున్నాడు. అట్ట తన వైపుకి తిప్పుకుని, పెన్సిలు తీసుకుని, 'ఘ' లోపలి గీతల పక్కన సన్నగా గుర్తులు పెట్టాడు.

"ఇక్కడిదాకా తగ్గించు. బయటిది ముట్టుకోకు. ఈ మూల, రెండు గీతలు కలిసేచోట, చిన్న నొక్కు పెట్టు. సిరా పాకి అదే నిండుతుంది." పెన్సిలు బల్ల మీద పెట్టాడు. "నువ్వు అడిగిన రోజునే నాకిది తెలుసు. కావాలనే తప్పు చెప్పాను. మాస్టారి పేరు కూడా అబద్ధానికి వాడుకున్నాను."

దీవెన ఆ గుర్తుల మీద వేలు పెట్టి చూసింది.

"నలుపు నింపేటప్పుడే నాకు అనుమానం వచ్చిందన్నా" అంది. "నువ్వే వచ్చి చెబుతావేమోనని చూశాను."

  అట్టని తన వైపుకి తిప్పుకుని, అతను పెట్టిన గుర్తుల మీద గీయడం మొదలుపెట్టింది. ఆమె మనసులో కోపం పోయిందో లేదో అతనికి తెలియలేదు. ఆ తరవాత చాన్నాళ్లు ఆమె అతన్ని అన్నా అనలేదు. పని విషయం మాత్రం మాట్లాడేది.

ఉగాది దగ్గరపడింది. 'ఘ' బాగుచేశాక 'ఝ' ఉంది. దాని తరవాత గుణింతాలున్నాయి. తన బోర్డుల పని ముగించుకుని నాంచారయ్య రోజూ ఆమె బల్ల దగ్గరికి వెళ్లేవాడు. ఆమె గీసినదానికి నలుపు నింపేవాడు. అది షెడ్డులో చేరిన కొత్తవాళ్లకి ఇచ్చే పని. చుట్టూ ఉన్నవాళ్లు వింతగా చూశారు. మొదట్లో అతనికి ముఖం కాలినట్టే ఉండేది. కొన్నిరోజుల్లో ఆ అక్షరాల వంపులు చేతికి అలవాటయ్యాయి. ఒక్కోచోట ఆమె ఎందుకు తగ్గించిందో, ఎందుకు సాగదీసిందో నలుపు నింపుతుంటే తెలిసేది. ఒకటి రెండు చోట్ల ఆమె పొరపాటు పడితే చెప్పాడు. ఆమె దిద్దింది. ఇంకోచోట పొరపాటని అతను చెబితే ఆమె కాదంది. కాసేపు వాదులాడి, ఆమె అన్నదే నిజమని ఒప్పుకున్నాడు. అసూయ పోయిందని కాదు. అప్పుడప్పుడు, ముఖ్యంగా మాస్టారు ఆమె వెనక నిలబడి తలూపినప్పుడు, పాతమంట ఒకసారి భగ్గుమనేది. చేతిలో పని ఉండేది కాబట్టి తల వంచుకుని చేసుకుపోయేవాడు.

దిద్దిన అట్టలు పండగలోపే హైదరాబాదు చేరాయి. ముకుందరావు పండగ వెళ్లగానే వచ్చాడు. కొత్త అక్షరాలతో ముందే ప్రూఫు తీయించుకుని, కబడ్డీ పోటీల పోస్టరు ఒకటి వేయించి తెచ్చాడు. పోస్టరుని సందుకి అవతల గోడకి అంటించి, షెడ్డు గుమ్మంలో నిలబడి అందరూ చూశారు. పోటీలు పెట్టిన 'రైతుసంఘం' పేరు అక్కడినుంచి కూడా విడివిడిగా, స్పష్టంగా కనబడింది. దారినపోయే ఒక ముసలాయన ఆగి, పోటీలు ఎక్కడ జరుగుతున్నాయని అడిగాడు. ముకుందరావు నవ్వాడు. కంపెనీవాళ్లు ఒప్పుకున్నారనీ, ఇక పేరు రాసిన రేకు ఒక్కటే కావాలనీ, సాయంత్రం బండికి వెళ్లిపోతాననీ చెప్పాడు.

రేకు మాట ఆ పనిలో అందరూ మరిచిపోయారు. మూలన తెల్లగా, దుమ్ముపట్టి ఉంది.

నాంచారయ్య దాన్ని తీసి తుడిచాడు. స్టాండు మీద పెట్టాడు. పలచబడిందో లేదో ఎనామిల్‌ని పుల్లతో కలిపి చూసుకున్నాడు. ఈసారి దీవెన అట్టలు పక్కన పెట్టుకోలేదు. ఎవరివైపూ చూడలేదు.

'దీ' రాశాడు. గుడిదీర్ఘాన్ని ఎక్కడ ఆపితే తరవాతి అక్షరానికి చోటుంటుందో అక్కడ ఆపాడు. 'వె' రాశాడు. ఎత్వం దాని మీద తేలిగ్గా కూర్చుంది. 'న' దగ్గరికి వచ్చేసరికి చెయ్యి పాత అలవాటున తలకట్టుని విసరబోయింది. బ్రష్షు గాలిలో ఒక్క క్షణం ఆగింది. తరవాత ఆ తలకట్టు పొట్టిగా, 'న' మీదే నిలిచింది.

వెనక్కి జరిగి చూసుకున్నాడు. మూడు అక్షరాలు కలిసి ఒకవైపుకి బయల్దేరుతున్నాయి. చూడగానే ఆ పిల్ల ముఖం గుర్తొచ్చింది, రాసిన చెయ్యి గుర్తురాలేదు.

మాస్టారు లోపలినుంచి వచ్చారు. అలవాటుగా మేకు దగ్గరికి వెళ్లి గుడ్డ తీసుకున్నారు. టర్పెంటైనులో ముంచారు. రేకు ముందు నిలబడ్డారు.  దీవెన బల్ల దగ్గరనుంచి లేచి నిలబడింది. మాస్టారి చేతిలో గుడ్డ వణుకుతూ ఉంది. దాన్నుంచి ఒక్కొక్క చుక్కే నేల మీద పడుతోంది.

చాలాసేపటికి ఆయన గుడ్డని మళ్లీ మేకుకి తగిలించారు.

"ఇన్నేళ్లూ ఎవరి బోర్డు రాసినా నువ్వు నీ పేరే రాసుకున్నావు, నాంచారయ్యా" అన్నారు. "ఇవాళ ఇంకొకరి పేరు రాశావు."